పాత కారుకు సింథటిక్ ఆయిల్ పోయాలా, మామూలు ఆయిల్ చాలా?

పదిహేనేళ్లు దాటిన మారుతి 800లు, శాంట్రోలు, ఇండికాలు, క్వాలిస్‌లు మన ఊళ్లలో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు ఐదు వేలో, అంతకన్నా ఎక్కువో కట్టి, ఫిట్‌నెస్ చేయించి మరీ బండిని ఉంచుకున్నవాళ్లకు దాని మీద ప్రేమ ఉన్నట్టే. అలాంటివాళ్లు సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు ఒక షెడ్డులో "పాత బండికి సింథటిక్ పోస్తే మొత్తం కారిపోద్ది సార్, మామూలుది పోయించండి" అంటారు. పక్కనున్న ఆయిల్ షాపులో "సింథటిక్ పోయండి, ఇంజిన్ కొత్తదానిలా అవుతుంది" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియక చివరికి జేబును బట్టి ఏదో ఒకటి పోయించేస్తారు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదట చూడాల్సింది ఆయిల్ గ్రేడ్, అంటే దాని చిక్కదనం చెప్పే అంకె. ఆ తర్వాత చూడాల్సింది మీ ఇంజిన్ ఆయిల్ తాగుతోందా లేదా అన్నది. సింథటిక్ కావాలా, మినరల్ (మామూలు ఆయిల్) చాలా అన్న ప్రశ్న ఈ రెండూ తేలాకే వస్తుంది. మొదటి రెండూ సరిగ్గా చూసుకుంటే మూడోదాని జవాబు చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

డబ్బాలో ఏముంటుంది

ఇంజిన్ ఆయిల్‌లో ఎక్కువ భాగం బేస్ ఆయిల్. మిగతాది ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడానికి, అరుగుదల తగ్గించడానికి, తుప్పు పట్టకుండా చూడటానికి కలిపే రసాయనాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే డబ్బాల మీద కనిపించే ఏపీఐ, బేస్ ఆయిల్స్‌ను ఐదు గ్రూపులుగా విడగొట్టింది. ముడి చమురును మామూలుగా శుద్ధి చేస్తే వచ్చేవి గ్రూప్ 1, గ్రూప్ 2. మనం మినరల్ ఆయిల్ అనేది వీటినే. అదే ముడి చమురును ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్‌తో చర్య జరిపి, అణువుల రూపాన్నే మార్చి తీసేది గ్రూప్ 3. రసాయనికంగా కొత్తగా తయారుచేసే పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు గ్రూప్ 4. ఎస్టర్ల లాంటి మిగతావన్నీ గ్రూప్ 5.

ఒకప్పుడు సింథటిక్ అంటే గ్రూప్ 4, గ్రూప్ 5 మాత్రమే. 1990ల చివర్లో గ్రూప్ 3తో చేసిన ఆయిల్‌ను సింథటిక్ అని అమ్మడం మీద మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య అమెరికాలో వివాదం నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్‌కు అనుకూలంగా చెప్పింది. అప్పటి నుంచి గ్రూప్ 3తో చేసిన ఆయిల్స్ కూడా 'ఫుల్లీ సింథటిక్' పేరుతోనే వస్తున్నాయి. అందులో మోసమేమీ లేదు, గ్రూప్ 3 మంచి ఆయిలే. కాకపోతే ఒక సింథటిక్ డబ్బా ధర ఇంకో సింథటిక్ డబ్బాకు రెట్టింపు ఎందుకుందో అర్థం కావాలంటే ఈ సంగతి తెలిసి ఉండాలి. 'సెమీ సింథటిక్', 'సింథటిక్ టెక్నాలజీ' అని రాసినవాటిలో సింథటిక్ భాగం ఎంతో డబ్బా మీద ఉండదు. అలాంటిది కొనేటప్పుడు ముందువైపు పెద్దక్షరాలను వదిలేసి వెనకవైపు గ్రేడ్, ఏపీఐ అక్షరాలు చూసుకోండి.

సింథటిక్‌లో నిజంగా మెరుగైనవి మూడు. వేడికి త్వరగా చెడిపోదు. మినరల్ ఆయిల్‌లో మిగిలే గంధకం, అస్థిరమైన అణువులు వేడిలో ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి, దాన్నే స్లడ్జ్ అంటాం. సింథటిక్‌లో అవి చాలా తక్కువ. ఆవిరైపోవడం కూడా తక్కువే. నోయాక్ అనే పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి ఎంత ఆవిరైందో చూస్తారు. మంచి సింథటిక్ అందులో చాలా తక్కువ పోగొట్టుకుంటుంది. చలిలో అది గట్టిపడకుండా త్వరగా పారుతుంది. అయితే ఈ మూడోది తెలుగు నేల మీద మనకు అంతగా అక్కరకు రాదు.

గ్రేడ్ దగ్గరే అసలు గందరగోళం

"సింథటిక్ పల్చగా ఉంటుంది, పాత ఇంజిన్‌కు చిక్కటిది కావాలి" అన్న మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. పల్చదనానికీ సింథటిక్‌కూ నేరుగా సంబంధం లేదు. పల్చదనం చెప్పేది గ్రేడ్.

20డబ్ల్యూ40 అని రాసి ఉంటే డబ్ల్యూకు ముందున్న 20 చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది. తర్వాతి 40 ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 40 గ్రేడ్ ఆయిల్ ఏదైనా సరే, ఆ వేడిలో దాని చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్యే ఉండాలి. అంటే 5డబ్ల్యూ40 సింథటిక్, 20డబ్ల్యూ40 మినరల్ ఈ రెండూ వేడెక్కిన ఇంజిన్‌లో దాదాపు ఒకేలా చిక్కగా ఉంటాయి. తేడా ఉన్నదల్లా చల్లగా ఉన్నప్పుడే. షాపులో సింథటిక్ అడిగితే సాధారణంగా చేతికిచ్చేది 5డబ్ల్యూ30 లేదా 0డబ్ల్యూ20. ఇవి కొత్త కార్ల కోసం తయారైనవి. 30 గ్రేడ్ పరిధి 9.3 నుంచి 12.5, 20 గ్రేడ్ పరిధి 6.9 నుంచి 9.3. ఇరవై ఏళ్లు తిరిగి బేరింగులు కాస్త వదులైన ఇంజిన్‌లో 0డబ్ల్యూ20 పోస్తే ఆయిల్ ప్రెజర్ పడిపోతుంది, తాగడమూ ఎక్కువవుతుంది. అప్పుడు యజమాని సింథటిక్‌ను తిట్టుకుంటాడు. తప్పంతా గ్రేడ్‌ది.

అందుకని మొదట మీ కారు మాన్యువల్ తీయండి. మాన్యువల్ పోయిందంటే అదే మోడల్ ఉన్నవాళ్ల దగ్గర దొరకొచ్చు, ఇంటర్నెట్‌లో వెతికినా చాలా మోడళ్లవి దొరుకుతాయి. పాత మాన్యువల్స్‌లో ఒక చార్టు ఉంటుంది: బయటి ఉష్ణోగ్రత ఎంతుంటే ఏ గ్రేడ్ వాడొచ్చో గీతలు గీసి చూపిస్తుంది. అందులో ఒకటి కంటే ఎక్కువ గ్రేడ్లు ఉంటాయి. మన ఎండలకు ఆ చార్టులో వేడివైపు ఉన్న గ్రేడ్ ఎంచుకోవాలి. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల లాంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటడం తెలిసిందే. డబ్ల్యూ ముందున్న అంకె విషయానికొస్తే, 20డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరగాల్సిన పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర పెడతారు. 5డబ్ల్యూకు అది మైనస్ 30. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా 20డబ్ల్యూకు ఆ కష్టం రాదు. చిన్న అంకె ఉన్న ఆయిల్ మన దగ్గర కూడా ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ పైభాగంలోని ట్యాపెట్ల దాకా కాస్త త్వరగా చేరుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ దానికోసమే రెట్టింపు ధర పెట్టాల్సిన పని లేదు.

అమెరికాలోనో కెనడాలోనో ఉంటూ పాత క్యామ్రీ, కరోలా కొనుక్కున్న మనవాళ్లకు మాత్రం నా సలహా వేరు. షికాగో, మినియాపొలిస్, టొరంటో చలికాలాల్లో మైనస్ 20 దాకా పడిపోయే రోజులు ఉంటాయి. అక్కడ మాన్యువల్ చెప్పిన 5డబ్ల్యూ లేదా 0డబ్ల్యూ గ్రేడ్‌లో సింథటిక్ పోయడమే సరి. బండి ఎంత పాతదైనా అక్కడ దీని గురించి రెండో ఆలోచన వద్దు.

గ్రేడ్ పక్కనే ఏపీఐ అక్షరాలు ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్, సీతో మొదలైతే డీజిల్. పెట్రోల్‌లో ఎస్ఎల్ 2001లో, ఎస్ఎం 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మామూలుగా కొత్తవి పాతవాటి స్థానంలో వాడొచ్చు. డీజిల్‌లో సీహెచ్-4, సీఐ-4 పాత బండ్లకు బాగా సరిపోతాయి. ఎస్ఎఫ్ లాంటి పాత అక్షరాలున్న చౌక డబ్బాలు కొన్నిచోట్ల ఇంకా అమ్ముతున్నారు. అవి 1980ల నాటి ప్రమాణాలు, వాటి జోలికి వెళ్లొద్దు. మినరలే పోయాలనుకున్నా కనీసం ఎస్ఎల్ లేదా ఎస్ఎన్ ఉన్నది తీసుకోండి. ఎస్ఎఫ్ డబ్బాకూ ఎస్ఎన్ డబ్బాకూ మధ్య ఉన్న నాణ్యత తేడా చాలా పెద్దది. మినరల్, సింథటిక్ అని వాదించుకునేవాళ్లలో చాలామంది దీన్ని చూడనే చూడరు.

లీకేజీ భయం ఎక్కడి నుంచి వచ్చింది

ఈ భయానికి కారణం ఉంది. పాలీ ఆల్ఫా ఓలిఫిన్‌కు రబ్బరు సీళ్లను కాస్త కుంచించే గుణం ఉంది, ఎస్టర్లకు ఉబ్బించే గుణం ఉంది. 1970ల్లో వచ్చిన తొలితరం సింథటిక్‌లలో ఈ రెండింటి లెక్క సరిగ్గా కుదరక సీళ్ల దగ్గర ఇబ్బందులు వచ్చాయి. తర్వాత ఆ లెక్క సరిచేశారు. ఇవాళ ఏపీఐ ముద్ర ఉన్న ఆయిల్ సీళ్ల పరీక్షలు కూడా దాటి రావాలి.

అయినా పాత బండికి సింథటిక్ పోశాక లీకేజీ మొదలైందని చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జరిగేది ఇది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, పగుళ్లు పట్టిన సీల్ చుట్టూ స్లడ్జ్ పేరుకుని ఆ పగుళ్లను మూసేస్తుంది. కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్లు ఆ స్లడ్జ్‌ను కరిగిస్తాయి. మూత పోయింది కాబట్టి ముందే పాడైన సీల్ బయటపడుతుంది. దాంతోపాటు గ్రేడ్ కూడా పల్చగా మార్చేసి ఉంటే కారడం ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, క్రాంక్ ముందు వెనక సీళ్లు ఇప్పటికే చెమ్మగా ఉన్న బండికి ముందు వాటిని మార్పించండి. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ చవకైనది, మార్చడమూ తేలికే. వెనక క్రాంక్ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అది పెద్ద పని. క్లచ్ మార్చే రోజున దాన్నీ కలిపి చేయించుకుంటే కూలి ఖర్చు ఒకటే అవుతుంది. అంతవరకు మినరల్‌తోనే నడపండి.

మీ ఇంజిన్ ఏ స్థితిలో ఉంది?

ఇక్కడ తొందర పడొద్దు. సర్వీసింగ్‌కు వెళ్లేముందు రెండు మూడు వారాలు బండిని గమనించండి.

సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆపాక పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ ఎక్కడ ఉందో, ఆ రోజు మీటరు ఎంతుందో రాసుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు లీటరు పడుతుంది. ఐదు వేల కిలోమీటర్లకు అర లీటరు తగ్గితే ఈ వయసు బండికి అది ఏమంత లెక్కలోది కాదు. వెయ్యికే అర లీటరు పోతుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టే. బండి ఆపే చోట నేల మీద మరకలు లేకుండా ఆయిల్ తగ్గిపోతుంటే అది కాలిపోతోందని అర్థం.

పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి నిమిషంలో తగ్గిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ నొక్కినప్పుడు వచ్చినా అదే అనుమానం. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ, లోడు పెరిగిన కొద్దీ పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. మంచి మెకానిక్ దగ్గర కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి చూస్తారు. ఆయిల్ వేశాక కంప్రెషన్ బాగా పెరిగితే రింగుల దగ్గరే లోపం. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న డీజిల్ అయితే టర్బో సీల్ నుంచి కూడా ఆయిల్ పోవచ్చు, ఇంటేక్ పైపు విప్పి లోపల ఆయిల్ నిలిచిందేమో చూడమనండి.

ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేయండి. లోహం మీద తేనె రంగు పొర ఉంటే ఇంజిన్ బాగానే ఉంది. నల్లగా, తారులా గడ్డ కట్టి ఉంటే స్లడ్జ్ పేరుకుంది. తెల్లగా పెరుగు మీగడలా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండ్లలో చెమ్మ వల్ల కూడా మూతకు ఇలా అంటుకుంటుంది. ఒకసారి గంటసేపు హైవే మీద నడిపి చూడండి. అప్పటికీ పోకపోతే, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది ప్యాకింగ్) చూపించాలి. అది తేలే దాకా ఆయిల్ ఏ రకం అన్న చర్చే అనవసరం.

చివరగా, బాగా వేడెక్కిన ఇంజిన్‌తో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంటుంటే తేలిగ్గా తీసుకోవద్దు. అది ప్రెజర్ తగ్గిందన్న హెచ్చరిక. చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆగిపోవచ్చు కానీ అసలు కారణం, అంటే అరిగిన బేరింగులు గానీ, పంపు గానీ, మూసుకుపోయిన ఆయిల్ వడపోత జాలీ గానీ అలాగే ఉంటుంది.

ఈ పరిశీలన అంతా అయ్యాక ఆయిల్ తాగే ఇంజిన్‌కు నా జవాబు సూటిగా ఉంటుంది: మినరల్ పోయండి. మాన్యువల్ అనుమతించిన గ్రేడ్లలో చిక్కటిది, మామూలుగా 15డబ్ల్యూ40 లేదా 20డబ్ల్యూ50. ఐదు వేల కిలోమీటర్లకో ఆరు నెలలకో ఏది ముందైతే అప్పుడు మార్చండి. వారానికోసారి డిప్‌స్టిక్ చూడండి, తగ్గినప్పుడల్లా పోయండి. రింగుల పని, సీళ్ల పని చేయించాక సింథటిక్ సంగతి ఆలోచించొచ్చు. బోరు పని చేయించి కొత్త రింగులు వేసినా మొదటి వెయ్యి కిలోమీటర్లు మినరల్‌తోనే నడిపి, దాన్ని ఫిల్టర్‌తో సహా మార్చేయడం మేలు.

ఆయిల్ తాగదు, లీకేజీ లేదు, లోపల శుభ్రంగా ఉంది, ఇంకో ఐదారేళ్లు ఉంచుకోవాలని ఉంది అంటే, కింద చెప్పే కొన్ని బండ్లకు తప్ప, సింథటిక్‌కు మారండి. బాగున్న ఇంజిన్‌ను బాగున్నట్టే ఉంచడంలోనే సింథటిక్ బలం ఉంది. పాడైనదాన్ని బాగుచేసే గుణం దానికి లేదు.

ఏ బండికి ఏది

మారుతి 800, జెన్, మొదటితరం ఆల్టో, శాంట్రో లాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్లు చాలా ఓర్పు గలవి. టర్బో లేదు, ఆయిల్ మీద భారం తక్కువ. ఎస్ఎన్ ప్రమాణం ఉన్న మంచి మినరల్, సకాలంలో మార్పు, ప్రతిసారీ కొత్త ఫిల్టర్ ఉంటే వీటికి చాలు. ఊరిలోనే తిరిగే బండికి నేను సింథటిక్ సిఫారసు చేయను. తరచూ హైదరాబాద్ నుంచి విజయవాడకో, విశాఖకో హైవే మీద గంటల తరబడి నడిపే బండి అయితే సెమీ సింథటిక్ గానీ, 5డబ్ల్యూ40 లాంటి చిక్కటి సింథటిక్ గానీ ఉపయోగపడుతుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకు సింథటిక్ వద్దనే చెబుతాను. అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ ఇంజిన్ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల డిజైన్. అందులో క్రాంక్ వెనక వైపు ఇవాళ్టి లాంటి రబ్బరు సీల్ ఉండదు. షాఫ్ట్ మీద చెక్కిన మర తిరుగుతూ ఆయిల్‌ను వెనక్కి నెట్టేలా ఏర్పాటు చేశారు. ఇంజిన్ ఆగితే ఆ మర కూడా ఆగుతుంది, నాలుగు చుక్కలు కారడం దానికి సహజం. పల్చటి ఆయిల్ పోస్తే ఆ చుక్కలు ఎక్కువవుతాయి. ఇంకో సంగతి, ఈ రెండు బండ్లలోనూ వాల్వులను తెరిచే క్యామ్ మీద ట్యాపెట్లు రుద్దుకుంటూ నడుస్తాయి. ఆ రాపిడిని కాచేది ఆయిల్‌లోని జింకు, భాస్వరం కలిసిన రసాయనం. కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాపాడటానికి 5డబ్ల్యూ30, 10డబ్ల్యూ30 లాంటి పల్చటి గ్రేడ్లలో భాస్వరానికి 0.08 శాతం పరిమితి పెట్టారు. 20డబ్ల్యూ50 గ్రేడ్‌కు ఆ పరిమితి లేదు. కాబట్టి మంచి కంపెనీ 20డబ్ల్యూ50 మినరల్ వీటికి అన్నివిధాలా తగినది. 1992 తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ అయితే దాని మాన్యువల్‌నే పాటించండి.

టర్బో లేని పాత డీజిల్ ఇండికా, క్వాలిస్ లాంటివి ఆయిల్‌ను మసితో నింపేస్తాయి. మార్చిన మర్నాడే డిప్‌స్టిక్ నల్లగా కనిపిస్తే కంగారు పడకండి. ఆయిల్ మసిని పట్టి ఉంచుతోందని అర్థం, దాని పనే అది. వీటిలో ఆయిల్ చెడిపోవడానికి వేడి కన్నా మసే పెద్ద కారణం. ఆ మసిని బయటకు పంపాలంటే ఆయిల్ మార్చడం తప్ప దారి లేదు, సింథటిక్ పోసినా మసి తగ్గదు. అందుకే 15డబ్ల్యూ40, సీఐ-4 మినరల్ పోసి త్వరత్వరగా మార్చడమే సరైన పద్ధతి. ఒక మంచి విషయం ఏమిటంటే 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మాత్రమే. ఈ బండ్లు తయారైన రోజుల్లో అది వందల్లో ఉండేది. ఆయిల్‌లో చేరే ఆమ్లాలు అంతమేరకు తగ్గాయి.

పాత బండ్లలో ఒక్క రకానికి మాత్రం డబ్బు మిగిల్చే ప్రయత్నం చేయొద్దని గట్టిగా చెబుతాను. అవి కామన్ రైల్ (ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే) టర్బో డీజిళ్లు: 2007 నుంచి వచ్చిన స్విఫ్ట్ డీజిల్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టాలలోని 1.3 లీటర్ మల్టీజెట్, ఇన్నోవా డీ-4డీ లాంటివి. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని నిలబెట్టేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. హైవే మీద గట్టిగా నడిపి వెంటనే ఇంజిన్ ఆపేస్తే ఆ వేడికి బేరింగులో ఉన్న ఆయిల్ బొగ్గులా మారుతుంది. సింథటిక్ దీన్ని చాలా బాగా తట్టుకుంటుంది. మల్టీజెట్‌లో టైమింగ్ చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెజర్‌తోనే పనిచేస్తుంది. మురికి ఆయిల్‌తో నెలల తరబడి తిప్పిన బండ్లలో చైన్ వదులై స్టార్టింగ్‌లో గలగల శబ్దం వస్తుంది. ఆ చైన్ పని, టర్బో పని ఖర్చు ముందు సింథటిక్ డబ్బాల ఖర్చు ఏమాత్రం కాదు. మాన్యువల్ చెప్పిన గ్రేడ్‌లో మంచి సింథటిక్ పోయండి, కంపెనీ చెప్పిన గడువు పది వేల కిలోమీటర్లయినా పాత బండి కాబట్టి ఏడెనిమిది వేలకే మార్చేయండి. దూర ప్రయాణం తర్వాత ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, చరిత్ర తెలియదు అంటే మొదట 15డబ్ల్యూ40 మినరల్ పోసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే దించి చూడండి. అమ్మేముందు పొగ, శబ్దం కనబడకుండా బాగా చిక్కటి ఆయిల్, దాంతోపాటు చిక్కదనం పెంచే డబ్బాలు పోసేవాళ్లు ఉన్నారు. మామూలు ఆయిల్ పోశాకే ఇంజిన్ అసలు రూపం తెలుస్తుంది.

ఖర్చు లెక్క

మూడు లీటర్లు పట్టే చిన్న పెట్రోల్ కారు, ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. మినరల్ లీటరు నాలుగు వందలు, సింథటిక్ తొమ్మిది వందలు అనుకుంటే, మినరల్ ఆరు నెలలకోసారి చొప్పున రెండుసార్లు మార్చడానికి ఏడాదికి 2,400. సింథటిక్ ఏడాదికోసారి 2,700. రెండుసార్లు ఫిల్టరు, కూలి కూడా కలిపితే మినరల్ మార్గమే కాస్త ఎక్కువవుతుంది. బాగున్న ఇంజిన్‌లో సింథటిక్ అంత ఖరీదైనది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

అదే ఇంజిన్ వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు తాగేదైతే ఏడాదికి ఇంకో మూడు లీటర్లు పోయాలి. మినరల్‌లో అది 1,200 అదనం, సింథటిక్‌లో 2,700 అదనం. పొగగొట్టం ద్వారా బయటకు పోయేదానికి అంత ధర పెట్టడంలో అర్థం లేదు. సింథటిక్ పోసి కూడా అలవాటు కొద్దీ ఐదు వేలకే మార్చేసేవాళ్లకు కూడా నేను మినరలే చెబుతాను.

మారేటప్పుడు

మినరల్ నుంచి సింథటిక్‌కు మారడానికి ప్రత్యేక పూజలేమీ అక్కర్లేదు. ఏపీఐ ముద్ర ఉన్న ఇంజిన్ ఆయిల్స్ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, లోపల మిగిలే పావు లీటరు పాతదానివల్ల ఏమీ కాదు. దారిలో ఆయిల్ తగ్గి చేతికి దొరికింది వేరే రకమైతే నిశ్చింతగా పోయండి, ఆయిల్ లేకుండా నడపడం కన్నా అది లక్ష రెట్లు నయం. గ్రేడ్ దగ్గరగా ఉండేలా చూసుకుంటే చాలు.

లోపల స్లడ్జ్ ఉన్న ఇంజిన్‌లో మాత్రం నేరుగా సింథటిక్ పోయకండి, ఫ్లష్ డబ్బా కూడా పోయకండి. ఊడివచ్చిన గడ్డలు చాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే ఆయిల్ పంపుకు చేరదు, బేరింగులు పోతాయి. కొన్ని షెడ్లలో డీజిల్‌తో గానీ కిరోసిన్‌తో గానీ ఇంజిన్ కడుగుతారు. అది మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది, వద్దని చెప్పండి. చాంబర్ విప్పించి, జాలీ శుభ్రం చేయించి, కొత్త ప్యాకింగ్ వేయించండి. తర్వాత మంచి మినరల్‌తో రెండుసార్లు, రెండున్నర వేల కిలోమీటర్లకోసారి ఫిల్టర్‌తో పాటు మార్చండి. మూత తీసి చూస్తే శుభ్రపడినట్టు కనిపించాక సింథటిక్‌కు వెళ్లొచ్చు.

ఫిల్టర్ దగ్గర పొదుపు చేయకండి. మూసుకుపోయిన ఫిల్టర్‌లో బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్ నేరుగా ఇంజిన్‌లోకి వెళుతుంది. తొమ్మిది వందల ఆయిల్ పోసి పాత ఫిల్టర్ ఉంచితే ఆ ఆయిల్‌కు చేసిన అన్యాయమే. మారాక మొదటి నెలంతా వారానికోసారి డిప్‌స్టిక్, బండి కింద నేల రెండూ చూడండి. కొత్త మరకలు కనిపిస్తే ఏ సీల్ దగ్గరో గుర్తించి మార్పించండి.

డబ్బా కొనేటప్పుడు

నకిలీ ఆయిల్ మన దగ్గర నిజమైన సమస్య. వాడేసిన ఆయిల్‌ను వడగట్టి, రంగు మార్చి, పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో నింపి అమ్ముతున్న ముఠాలను పోలీసులు పట్టుకున్నట్టు వార్తలు వస్తూనే ఉంటాయి. నకిలీ సింథటిక్ కన్నా అసలైన మినరల్ ఎన్నో రెట్లు మేలు. సర్వో (ఇండియన్ ఆయిల్), మ్యాక్ (భారత్ పెట్రోలియం), హెచ్‌పీ ఆయిల్స్ ఆ కంపెనీల పెట్రోల్ బంకుల్లో దొరుకుతాయి, మిగతావి కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొనండి. సీలు, తయారీ తేదీ, స్కాన్ చేసి సరిచూసుకునే కోడ్ ఉంటే అది చూడండి. మార్కెట్ ధర కన్నా మరీ తక్కువకు ఇస్తామంటే వదిలేయండి. డబ్బా మీ ముందే తెరిపించి పోయించండి. ఖాళీ డబ్బాను మెకానిక్‌కు వదిలేయకుండా అక్కడే కోసేయమనండి, లేదంటే అదే డబ్బా ఇంకొకరి దగ్గరకు నకిలీతో వెళ్లొచ్చు. దించిన పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకు వస్తుంది. దాన్ని కాలువలో పారబోయకుండా అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇచ్చే షెడ్డునే ఎంచుకోండి.

మూడున్నర లీటర్ల డబ్బా కొంటే చిన్న కార్లకు పోయగా అర లీటరో ముప్పావు లీటరో మిగులుతుంది. అది టాప్ అప్ కోసం మూత బిగించి కారులోనే ఉంచుకోండి. చాలామంది దాన్ని ఇంట్లో ఉన్న బైకులో పోసేస్తుంటారు. బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఇంధనం ఆదా చేయడానికి జారుడు రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే ఆ క్లచ్ జారిపోతుంది. బైకుకు జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని రాసి ఉన్న ఆయిల్ వేరే కొనండి.